భిక్షపాత్రలో కలిసిన బియ్యం

తిక్కన సోమయాజి ఉద్యోగస్థుడు. నెల్లూరేలిన మనుమసిద్ధి దగ్గర మంత్రి. శత్రువులు రాజ్యం కాజేస్తే ఓరుగల్లు దాకా పోయి, కాకతి గణపతిదేవుణ్ణి మాటలతో మెప్పించి, సేనల్ని వెంటబెట్టుకొచ్చి, ఏలికను మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. ఇన్ని తలనొప్పుల మధ్య ఆయన విరాటపర్వం మొదలు పదిహేను పర్వాల భారతం తెనిగించాడు. ఆ పదిహేనిట్లో అశ్వమేధపర్వం ఒకటి. అందులోదే ముంగిస కథ.

ధర్మరాజు యాగం బ్రహ్మాండంగా ముగిసింది. దానాలు, భోజనాలు, పొగడ్తలు. అంతలో ఒళ్లు సగం బంగారమైన ముంగిస ఒకటి వచ్చి, కురుక్షేత్రంలో ఒక పేద బ్రాహ్మడు పెట్టిన పేలపిండికి మీ యాగం సాటిరాదు పొమ్మంది. ఆ బ్రాహ్మడిది ఉంఛవృత్తి. కోతలైన చేలల్లో రాలిన గింజలు ఏరుకుని ఆ పూట గడుపుకునే బతుకు. కరువు రోజుల్లో దొరికిన కాస్త పిండిని నలుగురూ పంచుకుని తినబోతుంటే అతిథి వచ్చాడు. ఆయన వాటా, భార్య వాటా, కొడుకు వాటా, కోడలి వాటా వరసగా అతిథి కడుపులోకి పోయాయి. అక్కడ నేల మీద రాలిన పిండిలో పొర్లితే ముంగిసకు సగం ఒళ్లు బంగారమైంది. మిగతా సగం కోసం అది యాగాలన్నీ తిరుగుతోంది.

కథ మూలంలో ఉన్నదే. అయినా కోశాగారం లెక్కలు తెలిసిన మంత్రి కలం నుంచి ఈ మాటలు వెలువడటం గమనించదగ్గ సంగతి. ఇంకొకటి కూడా. తిక్కన తన మొదటి కావ్యం నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధికే అంకితమిచ్చాడు. భారతం దగ్గరికి వచ్చేసరికి అంకితం హరిహరనాథుడికి వెళ్లింది. మంత్రిగా రాజు కొలువులోనే ఉన్నాడు, జీవితంలో పెద్ద పనిని మాత్రం రాజు పద్దులో రాయలేదు. తెలుగు వాగ్గేయకారులు తర్వాతి శతాబ్దాల్లో రకరకాలుగా తేల్చుకోవలసి వచ్చిన లెక్క ఇదే. పాట ఎవరిది, పాడేవాడి కూడు ఎవరిది, ఆ రెంటికీ మధ్య ఎంత దూరం ఉండాలి?

నెల్లూరు సీమ వాళ్లకు ఉంఛవృత్తి అర్థం కావడానికి వ్యాఖ్యానాలు అక్కర్లేదు. మొలగొలుకుల వరి పండిన ఊళ్లలో కోతలయ్యాక పరిగె ఏరుకునే పద్ధతి తెలియని ఇల్లు లేదు. మోపులు కళ్లానికి చేరాక చేలో మిగిలిన వెన్నులు ఎవరివీ కావు, ఏరుకున్న వాళ్లవి. ఆసామి అడ్డు చెప్పడు, ఏరుకునే మనిషి దండం పెట్టక్కర్లేదు. ఆ తీరే పాటగాళ్ల చేతిలో పడి చేలోంచి వీధిలోకి వచ్చింది.

వీధిలో దాని రూపం రెండు రకాలు. ఒకటి ధనుర్మాసంలో ఇప్పటికీ కనిపించే హరిదాసు. తల మీద గుమ్మడికాయలా మెరిసే రాగి అక్షయపాత్ర, మెడలో పూలదండ, ఒక చేత్తో చిరతలు, భుజాన తంబురా, కాళ్లకు గజ్జెలు. గడప ముందు ఆగి అమ్మా అని పిలవడు. హరినామం తప్ప నోట మరో మాట రాదు. ఇంటావిడ దోసిట్లో బియ్యం తెస్తే మోకాళ్ల మీద వంగి పాత్ర అందిస్తాడు. పాట ఆగదు. ఇల్లు చేరేదాకా పాత్ర కిందికి దించకూడదు. దాసర్లు, సాతానులు తరతరాలుగా పట్టుకొచ్చిన ఈ వృత్తిలో ఇన్ని నియమాలున్నాయని బియ్యం వేసే వాళ్లలో చాలామందికి తెలియదు. ఈ నియమాల వల్ల జరిగేదేమిటంటే, ఇచ్చిన మనిషికీ పాటకూ మధ్య బేరం పుట్టే సందు లేకుండా పోతుంది. ఎక్కువ వేసిన ఇంటి ముందు రెండు చరణాలు ఎక్కువ పాడటం ఉండదు. వేయని ఇంటి ముందు తగ్గించడమూ ఉండదు.

రెండోది భాగవతుల ఉంఛవృత్తి. దీన్ని ఒక జీవితకాలపు క్రమశిక్షణగా మలిచినవాడు త్యాగరాజు.

త్యాగరాజును లోకం తెలియని అమాయక భక్తుడిగా చూపడం సినిమాలకూ క్యాలెండర్లకూ అలవాటు. ఆయన పుట్టిన ఇల్లు చూస్తే ఆ బొమ్మ నిలవదు. పూర్వీకులు కాకర్ల వారు, ఇప్పటి ప్రకాశం ప్రాంతం నుంచి కావేరి తీరానికి వలస పోయినవాళ్లు. తాత గిరిరాజకవికి తంజావూరు కొలువు తెలుసు. తండ్రి రామబ్రహ్మానికీ ఆస్థానం ఆదరణ ఉంది. గురువు శొంఠి వెంకటరమణయ్య ఆస్థాన విద్వాంసుడు. కొలువంటే ఏమిటో, అక్కడ పాటకు ఏ వేళ పిలుపు వస్తుందో, ఎవరి ముఖం చూసి ఏ రాగం ఎత్తుకోవాలో ఇంట్లోనే విని పెరిగిన మనిషి 1767లో పుట్టి, 1847లో కన్నుమూసేదాకా తిరువయ్యారు వీధుల్లో పాడుతూ భిక్ష తీసుకున్నాడు. శరభోజి పంపిన కానుకలు తిప్పి పంపాడన్న కథ అందరికీ తెలిసిందే. కథలో అతిశయోక్తులు ఉంటే ఉండొచ్చు. కొలువులో చేరలేదన్నది మాత్రం వాస్తవం. అన్న జపేశుడు ఈ పద్ధతి మీద మండిపడి, పూజా విగ్రహాలు కావేరిలో పారేశాడని చెబుతారు. అన్నగారి కోపంలో న్యాయం లేదని ఎలా అంటాం? ఇల్లు గడవాలి, శిష్యులకు అన్నం పెట్టాలి, వండేది ఇంటి ఆడవాళ్లు. భారతంలోని ఉంఛవృత్తి కథలో భార్యకూ కోడలికీ మాటలున్నాయి, త్యాగం ఉంది. త్యాగరాజ చరిత్రల్లో ఆయన భార్య కమలాంబకు పేరు ఒక్కటే మిగిలింది.

పొట్ట పోసుకునే పద్ధతి పాట రూపాన్ని ఎట్లా తీర్చిందో ఆయన రచనల్లో స్పష్టంగా కనిపిస్తుంది. పంచరత్నాలు, పెద్ద కృతులు కుదురుగా కూర్చుని సాధన చేసిన వాళ్లకు. సంగతి మీద సంగతి వేసుకుంటూ పల్లవినే నాలుగు వైపుల నుంచీ చూపించే నిర్మాణం పెద్ద కృతులది. దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు వేరు. చిన్న పల్లవి, దాని వెంట వరసగా చరణాలు, చరణాలన్నిటికీ ఒకే వరుస. ముందు నడిచేవాడు ఒక పాదం అంటే వెనక వాళ్లు అందుకుంటారు. నడకకు తాళం సరిపోతుంది. గుంపులో కొత్తగా కలిసినవాడు రెండో చరణానికల్లా గొంతు కలపగలడు. ఒక ఇంటి దగ్గర పాట తెగినా పక్కింటి దగ్గర అతుక్కుంటుంది. ఒకే మనిషి రెండు రకాల వినేవాళ్ల కోసం రెండు రకాల పాటలు కట్టాడు. దేన్నీ తక్కువ చేసి కట్టలేదు. తన విద్యలోని లోతునంతా తోటి విద్వాంసుల కోసమే దాచుకుని, మామూలు జనానికి తేలిక సరుకు అంటగట్టే ఆధునిక నిపుణులు ఈ రెండు దొంతరల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడవచ్చు.

మద్రాసు దగ్గరి కోవూరులో సుందరేశ మొదలియారు అనే ధనికుడు ఆయన్ని ఆదరించాడు. తిరుగు ప్రయాణంలో పల్లకీలో ఎవరికీ చెప్పకుండా వెయ్యి బంగారు నాణేలు పెట్టించాడని శిష్య పరంపర చెప్పుకునే కథ. దారిలో దొంగలు పడ్డారు. శిష్యులు కంగారుపడుతుంటే త్యాగరాజు, మన దగ్గర ఏముంది పోవడానికి అన్నాడు. డబ్బు సంగతి అప్పుడు బయటపడింది. శ్రీరామనవమి ఉత్సవానికని ఇచ్చారు స్వామీ అంటే, అయితే అది రాముడి సొమ్ము, కాపాడుకునే పని ఆయనదే అన్నాడట. కథలో ఆ తర్వాత రామలక్ష్మణులు విల్లంబులతో వస్తారు. వాళ్లు రాకముందే జరిగిన సంగతి మీద కన్ను నిలపాలి. శిష్యులు డబ్బు తీసుకున్నారు, గురువుకు చెప్పలేదు. సదుద్దేశంతో గుట్టుగా వచ్చే సొమ్మును ఎట్లా చూడాలి అన్న చిక్కు సంస్థలు నడిపే ప్రతివాడికీ ఎదురయ్యేదే. అది తన సొమ్ము కాదని త్యాగరాజు అక్కడికక్కడే తేల్చేశాడు.

భిక్షతో బతికినవాడి పాటలు నిలిచాయంటే దాని వెనక శిష్యుల కష్టం ఉంది. వాలాజపేట వెంకటరమణ భాగవతులు సౌరాష్ట్రుడు. గురువు పాడగా వింటూ వింటూ రాసి పెట్టుకున్నాడు. ఆయన కొడుకు కృష్ణస్వామి భాగవతులు ఆ పని కొనసాగించాడు. ఆ రాతప్రతులే ఇప్పుడు మదురై సౌరాష్ట్ర సభ భద్రపరిచిన అపురూప సంపద. వాలాజపేట, ఉమయాళ్‌పురం, తిల్లస్థానం అని మూడు శిష్య పరంపరలు మూడు దారుల్లో పాటను మోశాయి. ఒక దారిలో మరుగైన కృతి మరో దారిలో దొరికింది. త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య దగ్గర నేర్చుకున్న సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి ఆ సంగీతాన్ని కృష్ణా తీరానికి తెచ్చాడు. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ.

ఉంఛవృత్తి ఒక్కటే దారి అని త్యాగరాజుకు ముందు వాళ్లందరూ అనుకోలేదు. తాళ్లపాక వారిది పూర్తిగా వేరే పద్ధతి. మనుమడు చిన్నన్న రాసిన ద్విపద ప్రకారం, తన మీద పదం చెప్పమన్న సాళువ నరసింగరాయలి కోరికను అన్నమయ్య కాదన్నాడు, సంకెళ్లు వేయించుకున్నాడు. అంతమాత్రాన కుటుంబం రాజులకు దూరమేమీ కాలేదు. కొడుకు పెద తిరుమలాచార్యుడి కాలానికి వాళ్లకు గ్రామాలున్నాయి, తిరుమల శాసనాల్లో దాతలుగా పేరుంది. ఆ స్తోమతు ఉండబట్టే సంకీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించి గుడిలోనే ఒక అరలో భద్రపరచగలిగారు. రెండువేలకు పైబడిన ఆ రేకులు ఇరవయ్యో శతాబ్దంలో వెలుగు చూశాక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు పరిష్కరించి జనంలోకి తెచ్చారు. సాహిత్యం చెక్కుచెదరకుండా దొరికింది, పైన రాగం పేరుంది. పాడే వరుస దాదాపుగా పోయింది. అక్షరాన్ని రాగి కాపాడింది కానీ పాటను కాపాడేది గొంతులే. త్యాగరాజు పక్షాన రాగి లేదు, గొంతులున్నాయి.

రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న కథ ఇంకో కొసన ఉంటుంది. గోల్కొండ తానీషా అబుల్ హసన్ కింద పాల్వంచ పరగణా తహసీల్దారు. మేనమామలు అక్కన్న మాదన్నలు సుల్తాను కొలువులో అందరికంటే పై మెట్టు మీద ఉన్నవాళ్లు. భద్రాద్రి రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు, శిస్తు సొమ్ము ఖజానాకు చేరలేదు. జనశ్రుతిలో ఆ మొత్తం ఆరు లక్షల వరహాలు, శిక్ష పన్నెండేళ్ల చెర. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే ఆడిట్ అభ్యంతరం. భక్తి పేరు చెప్పి ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయడం తెలుగువాళ్ల బలహీనత. రామదాసు పాటల్లోనే అంతకంటే ఎక్కువ నిజాయితీ ఉంది. తాను చేయించిన నగల జాబితా చదువుతూ దేవుణ్ణి నిలదీస్తాడు, అలుగుతాడు, వెంటనే క్షమించమంటాడు. ఇంకొకరి డబ్బు తన చేతి మీదుగా ఖర్చుపెట్టిన మనిషి మనసు ఎట్లా కొట్టుకుంటుందో చెప్పే పాటలు అవి.

గోపన్న తర్వాత భద్రాచలంలో సేవలు ఒక క్రమానికి రావడానికి కారణం గుంటూరు తూము నరసింహదాసు (1790–1833). దక్షిణాది యాత్రలో తిరువయ్యారు వెళ్లి త్యాగరాజును దర్శించాడని సంప్రదాయం. గుంటూరు నుంచి అరవ దేశానికి దారి నెల్లూరు మీదుగానే. తిరుపతికి, కంచికి, శ్రీరంగానికి పోయే భజన బృందాలన్నిటికీ పెన్న దాటడం తప్పదు. ఈ రాకపోకల్లోనే కావేరి తీరపు పాట తెలుగు కోస్తాకూ, భద్రాద్రి పాట అరవ దేశపు భజన గోష్ఠులకూ చేరింది.

కోస్తాలో సముద్రం అంచుకు వెళితే లెక్కలు మళ్లీ మారతాయి. మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె వైపు జాలర్ల పట్టపుపాలేల్లో అగ్రహారపు గడపలు లేవు, బియ్యం దోసిళ్లు లేవు. అక్కడ గుడిని, ఉత్సవాన్ని, భజనను పోషించేది వేట. వలలో పడ్డదాంట్లో ఊరుమ్మడికి కొంత వాటా తీయడం పాత ఆనవాయితీ. కాపుపెద్దల మాట మీద, అవసరమైతే దురాయి కట్టుబాటు మీద ఆ వాటా వసూలవుతుంది. ఎగ్గొట్టిన వాడికి పాలెంలో ముఖం చెల్లదు. రామమందిరంలో హార్మోనియం కొన్నా, శ్రీరామనవమికి పందిరి వేసినా ఆ ఉమ్మడి డబ్బుతోనే. ఎవరి పడవ తెచ్చిన చేప ఎంత అన్నది ఆ రోజు ఇసుక మీద వేలంపాట దాకానే. ఊరుమ్మడిలో పడ్డాక దానికి పేరుండదు. ఈ పాలేల భజనల చరిత్ర రాసినవాళ్లు తక్కువ. తంజావూరు మీద పడిన సిరాలో పదో వంతు కూడా ఇటు పడలేదు.

పేరు లేని ఇవ్వడం అన్నచోట హరికథ దాసు కాస్త నవ్వుకుంటాడు. ఆయన వృత్తిలో పేరే ప్రధానం. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) హరికథను ఒంటిమనిషి సర్వకళా ప్రదర్శనగా నిలబెట్టాక అది తెలుగునాట ఇంటింటా తెలిసిన జీవనోపాధి అయింది. పట్టుపంచె, నడుముకు ఉత్తరీయం, మెడలో దండ, చేతిలో చిరతలు. పక్కన ఒక ఫిడేలు, ఒక మృదంగం, ఊరు చిన్నదైతే హార్మోనియంతో సరి. నవమి పందిళ్లు, చవితి పందిళ్లు, దసరా తొమ్మిది రాత్రులు. ఒప్పుకున్న సంభావన ఎంతైనా అసలు గిట్టుబాటు కథ మధ్యలో వచ్చే చదివింపుల మీదే. సీతా కల్యాణం, రుక్మిణీ కల్యాణం దగ్గరికి రాగానే కథ నెమ్మదిస్తుంది, హారతి పళ్లెం కదులుతుంది. ఫలానా వారు వధూవరులకు ఇంత చదివించారని దాసుగారు నోరారా చెబుతారు. పక్కవాడు ఐదు చదివిస్తే ఇటువాడు పది. తాళి కట్టాల్సిన రాముడు పద్దు పూర్తయ్యేదాకా అలా నిలబడే ఉంటాడు. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. దాసుగారికీ పిల్లలున్నారు, ఏడాది పొడుగునా కథలుండవు. కాకపోతే పెద్ద ఆసామి ముందు వరసలో కూర్చున్న రాత్రి పిట్టకథలు ఎవరి మీద పేలతాయో, ఎవరి మీద పేలవో ఊరికి తెలుసు.

ఇవాళ త్యాగరాజు ఆరాధనోత్సవ సభలకు ఈ చదివింపులే ఫ్లెక్సీ రూపంలో వచ్చాయి. వేదిక వెనక గుడ్డ మీద త్యాగరాజు బొమ్మ ఎంతుందో నగల దుకాణం గుర్తూ అంతే ఉంటుంది. సభలు నడిపేది బ్యాంకు ఉద్యోగులు, లెక్చరర్లు, వకీళ్లు, ఆడిటర్లు. అమెరికాలో 1978 నుంచి క్లీవ్‌లాండ్‌లో జరుగుతున్న త్యాగరాజ ఆరాధన వెనకా ఉద్యోగాలు చేసుకుంటూ కచేరీల భారం మోసేవాళ్లే ఉన్నారు. హాలు అద్దె, మైకు, పక్కవాద్యాల పారితోషికం, బయటి ఊరి విద్వాంసులకు బస, ఇవేవీ గుప్పెడు బియ్యంతో తేలేవి కావు. అందుకే పుష్య బహుళ పంచమి పొద్దున తంబురా పట్టుకుని నాలుగు వీధులు తిరిగే ఉంఛవృత్తి చాలాచోట్ల లాంఛనంగా మిగిలింది. తిరువయ్యారులోనూ ఆ ఊరేగింపుతోనే ఆరాధన మొదలవుతుంది.

ఆ తిరువయ్యారు సమాధి సంగతి చెప్పకుండా ఈ కథ ముందుకు పోదు. ఇరవయ్యో శతాబ్దం మొదటికి త్యాగరాజు సమాధి ముళ్లకంపల మధ్య పాడుబడి ఉంది. ఆ తర్వాత శిష్య పరంపరల్లో రెండు కక్షలు ఏర్పడి ఎవరి ఉత్సవం వాళ్లు చేసుకుంటూ వచ్చారు. అక్కడ స్థలం సంపాదించి, సొంత డబ్బుతో గుడి కట్టించినది దేవదాసీ కుటుంబంలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ. ముద్దుపళని కావ్యం రాధికా సాంత్వనాన్ని 1910లో పూర్తిపాఠంతో అచ్చు వేయించిన ధైర్యశాలి. ఆవిడ కట్టించిన గుడి ముందు ఆవిడను పాడనివ్వడానికి రెండు కక్షల మగవాళ్లూ ఒప్పుకోలేదు. ఆడవాళ్లతో మూడో కక్ష కట్టి, గుడి వెనక పాడించింది. 1940 ప్రాంతంలో కక్షలన్నీ ఒకటయ్యాకే స్త్రీలకు ఆ వేదిక దక్కింది. జీవితమంతా కచేరీలు చేసి కూడబెట్టిన ఆస్తిని త్యాగరాజ సేవకే రాసి 1952లో చనిపోయింది. అందరి గడపా ఒకటేనని వీధుల్లో పాడినవాడి పేర జరిగిన ఉత్సవం ఇన్నేళ్లు ఒక గడపను మూసే ఉంచింది. భక్తి సంగీత చరిత్రను పొగడ్తలతో నింపేవాళ్లు ఈ పేజీని చప్పున తిప్పేస్తారు.

నెల్లూరులో ఉంఛవృత్తిని లాంఛనంగా కాక నిజంగానే ఉత్సవానికి ఊపిరిగా నడిపిన మనిషి ఒకాయన ఉండేవారు. శ్రీపతి పండితారాధ్యుల సాంబమూర్తి. హరికథా భాగవతులు. చదివింపుల మర్మం తెలిసిన వృత్తి, ఆ రాబడి మీదే పెద్ద సంసారం. అయినా ఏటా జరిపే త్యాగరాజ స్మరణోత్సవానికి మాత్రం ఆయన ఎంచుకున్నది భిక్షాటన. వీధులు తిరిగి, పాడి, ఇచ్చింది పుచ్చుకుని ఉత్సవం చేసేవారు. నెల్లూరు తక్కువ ఊరేమీ కాదు. బియ్యం మిల్లుల వాళ్లున్నారు, అభ్రకం డబ్బు చూసినవాళ్లున్నారు, కళల్ని పోషించిన రెడ్ల కుటుంబాలున్నాయి. ఇద్దరు ముగ్గుర్ని అడిగితే ఖర్చు మొత్తం ఒక్క రోజులో తేలిపోయే ఊరు. అట్లా తేలిస్తే ఉత్సవం ఆ ఇద్దరు ముగ్గురిదవుతుంది. భిక్షపాత్రలో ఏ ఇంటి బియ్యం ఏదో విడదీయడం ఎవరి తరమూ కాదు. వేసినవాళ్లందరికీ సభలో సమానంగా చోటుంటుంది, పాడేవాడు ఏ ఒక్కరి ముఖమూ చూడక్కర్లేదు. తన హరికథకు చదివింపులు, త్యాగయ్యకు భిక్ష. వృత్తి వేరు, ఉపాసన వేరు అని ఇంత నిక్కచ్చిగా గీత గీసుకుని రెంటినీ ఒకే గొంతుతో నడపడం అరుదు.

ఆ కుటుంబంలో 1946లో పుట్టిన కొడుకు బాలసుబ్రహ్మణ్యం పూర్తిగా వేరే లోకంలో పెరిగాడు. ఇంజనీరు కావాలనుకుని అనంతపురంలో చేరి, చదువు మానుకుని, 1966లో శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న సినిమా కోసం సంగీత దర్శకుడు కోదండపాణి దగ్గర మొదటి పాట పాడాడు. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు. శంకరాభరణం సినిమా అవకాశం వచ్చినప్పుడు తన వల్ల కాదని వెనకాడితే, సంగీత దర్శకుడు మహదేవన్ సహాయకుడు పుహళేంది వెంటబడి నేర్పించారు. ఆ సినిమా పాటకే జాతీయ పురస్కారం వచ్చింది. సినిమా పాట బేరం అసలే దాచుకోని పాట. నిర్మాతది డబ్బు, కంపెనీది హక్కు, గాయకుడిది పారితోషికం. 2017 మార్చిలో బాలు అమెరికా పర్యటనలో ఉండగా, తాను స్వరపరిచిన పాటలు అనుమతి లేకుండా వేదికల మీద పాడవద్దని ఇళయరాజా తరఫు నుంచి లాయరు నోటీసు వచ్చింది. బాలు వాదనకు దిగకుండా ఆ పాటలు పక్కన పెట్టి మిగతావి పాడారు. చట్టం స్వరకర్త పక్షాన ఉందా, గాయకుడి పక్షాన ఉందా అని జనం రోజుల తరబడి కొట్టుకున్నారు. త్యాగరాజు ప్రతి కృతి చివరా తన పేరు పెట్టుకున్నాడు. ముద్ర ఉంది కాబట్టి ఎవరి పాటో అందరికీ తెలుసు, ఎవరైనా పాడుకోవచ్చు. ఆ వెసులుబాటు రెండువందల ఏళ్లు పనిచేసింది. అది రికార్డింగు కంపెనీల లోకానికి అతకదు, ఇళయరాజా అడిగినదాన్నీ అత్యాశగా కొట్టిపారేయలేం. కష్టపడి కట్టినవాడికి వాటా రావాలంటే పద్దు ఉండాల్సిందే.

2020 ఫిబ్రవరిలో బాలు నెల్లూరు వచ్చి, తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని వేద, సంస్కృత పాఠశాల కోసం కంచి కామకోటి పీఠానికి అప్పగించారు. విజయేంద్ర సరస్వతి సమక్షంలో ఆ కార్యక్రమం జరిగింది. తండ్రిని, ఆయన భిక్షాటనను ఊరు అప్పుడు మళ్లీ తలుచుకుంది. అదే ఏడు సెప్టెంబరు 25న చెన్నైలో బాలు కన్నుమూశారు. వీధి వీధీ తిరిగి ఉత్సవం చేసిన తండ్రి ఇల్లు, ఒక్క సంతకంతో ఒక్క పీఠం చేతికి వెళ్లింది. దాత పేరు, తేదీ, వీధి పేరు అన్నీ పత్రికల్లో నమోదయ్యాయి. సాంబమూర్తి పాత్రలో బియ్యం పోసిన ఇళ్లవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ రాసి లేవు.